అమ్మ ప్రార్థన ఎవరు విన్నారు?

‘రెండు పేర్లు’ సీరియల్: తొమ్మిదో భాగం

పోయిన వారం ఫెయిత్ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది కదా, అక్కడ ఆగాం. తెలియని నంబరు, ఫొటో లేదు, ఒకటే లైను. "ఉదయలక్ష్మి గారు, ఫెయిత్ గారు ఒక్కరేనా? అవును / కాదు." అది చదివి ఫెయిత్ మెట్ల మీదే కూలబడిపోయింది. గబగబా బ్లాక్ కొట్టేసింది. తర్వాత తమ్ముడు గిడియన్‌కి చూపించింది.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. అవును, ఇద్దరూ ఒక్కరే. సర్టిఫికెట్లలో ఉదయలక్ష్మి, ఎస్సీ. ఇంట్లో, సందులో, చర్చిలో ఫెయిత్. అది బాప్తిస్మం రోజు పెట్టిన పేరు. ఎస్సీ మనిషి క్రైస్తవుడైతే గవర్నమెంటు లెక్కలో ఇంక ఎస్సీ కాదు, బీసీ-సి. ఈ సంగతి అమీర్‌పేట్ కృపా మందిరంలో అందరికీ తెలుసు, అందుకే చాలా ఇళ్ళల్లో రెండేసి పేర్లుంటాయి, పైకి మాత్రం ఎవ్వరూ అనరు. ఫెయిత్ పంజాగుట్టలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ఏళ్ళ తరబడి డ్యూటీలు చేసి చేసి, కాళ్ళు వాచిపోయి, ఇప్పుడు గవర్నమెంటు స్టాఫ్ నర్సుగా సెలెక్టయింది. ఎస్సీ కోటాలో. ఇవాళ మధ్యాహ్నమే సర్టిఫికెట్ వెరిఫికేషన్. ఆ రెండు పేర్లు ఒకటేనని ఆ ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం పోతుంది. అక్కడితో కూడా ఆగదు, కేసు పెడతారు.

ఇంకో విషయం. ఆ మెసేజ్ కింద చిన్న లింకు ఉంది. ఆ లింకు అడ్రసు గిడియన్‌కి బాగా తెలుసు. వాడు చర్చి కోసం చేసిన ప్రార్థనల యాప్ నడిచే సర్వరు అడ్రసు అదే!

పొద్దున ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్పాలి.

బల్కంపేట సందులో కింద లేడీస్ హాస్టల్, పైన వీళ్ళ రెండు గదులు. ఫెయిత్ అద్దం ముందు నిలబడి నుదుటి మీద బొట్టు బిళ్ళ అంటించుకుంటోంది. కింద హాస్టల్ అమ్మాయిని అడిగి తెచ్చుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పెట్టుకోలేదు కదా, ఎటు పెట్టినా వంకరే.

"జర ఎడమ దిక్కు అక్కా. గట్ల కాదు, కనుబొమ్మల నడుమ."

"నీకెట్ల తెల్సురా? నువ్వేమన్న రోజూ పెట్టుకుంటున్నవా?"

"మా ఇన్‌స్టిట్యూట్ల అమ్మాయిలు పెట్టుకుంటరు గదా. చూస్తుంట."

"చూస్తనే ఉండు. గందుకే నీకు కోడింగ్ రాలే."

"వచ్చింది, గందుకే గదా గా ఇన్‌స్టిట్యూట్లనే ఇప్పుడు క్లాసులు చెప్తున్న!"

నవ్వారు ఇద్దరూ. తర్వాత ప్రాక్టీసు. ఇది గిడియన్ ఐడియానే. ఫెయిత్ గోడ వైపు తిరిగి నిలబడాలి, వాడు వెనక నుంచి పిలుస్తాడు, ఆమె తిరగకూడదు, అంతే. ఒకవేళ ఆ ఆఫీసులో ఎవడైనా ఆ పేరు అంటే, భుజం కూడా కదలకూడదు.

"ఫెయిత్!"

తిరిగింది.

"పాయె! నౌకరి పాయె! మళ్ళా."

"అరే, నువ్వు అంత గట్టిగ అరిస్తే ఎవరైనా తిరుగుతరురా."

"సరే మెల్లగ. ఫెయిత్..."

మళ్ళీ తిరిగింది. ఆపైన వంటగదిలోంచి తల్లి సుమిత్ర "ఫెయితూ, ఉప్మా సల్లారిపోతున్నది" అనగానే "వస్తున్న మమ్మీ" అని ఏకంగా రెండడుగులు వేసేసింది. గిడియన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకా ఇంకా చేశారు. చివరికి ఒకసారి వాడు చెవి పక్కనే అన్నాడు, ఆమె కదల్లేదు. రెప్ప కూడా. గోడలాగా.

"సూపర్ అక్కా! అయిపోయింది. నౌకరి వచ్చేసింది పో."

అప్పుడు చూశారు. సుమిత్ర వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నవ్వడం లేదు.

"నీళ్ళల్ల ముంచి లేపినప్పుడు పాస్టరయ్యగారు పిలిచిన పేరు గది" అంది. "పిలిస్తే పలకొద్దని నేర్పిస్తున్నవా బిడ్డా?"

ఫెయిత్ వెళ్ళి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది.

"ఇయ్యాల ఒక్కరోజే మమ్మీ."

"ఇయ్యాల ఒక్కరోజే" అంది సుమిత్ర కూడా, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నేను సుత వస్త. బయట కూసోని ప్రార్థన చేస్కుంట."

వాళ్ళిద్దరూ మెట్రోలో ఎర్రగడ్డ వెళ్ళారు, వెరిఫికేషన్ అక్కడే. గిడియన్ క్లాసుకి పోతున్నానని చెప్పాడు. పోలేదు. రెండో వైపు రైలెక్కి పంజాగుట్టలో దిగాడు.

ఆ సర్వరు సన్నిధి డిజిటల్ అనే కంపెనీది, దాని ఆఫీసు ఇక్కడ ఒక చీరల షాపు పైన. కింద రిసెప్షన్‌లో ఒక ట్యాబ్ పెట్టారు. పేరు కొట్టు, ఫోన్ నంబరు కొట్టు, కెమెరా వైపు చూడు. సెక్యూరిటీ ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "ఓటీపీ చెప్పు తమ్మీ" అన్నాడు. గిడియన్ చెప్పేశాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాక గానీ వాడికి వెలగలేదు. మా ఇంటి సంగతులు మీ దగ్గరికెట్లా వచ్చాయని కొట్లాడటానికి వచ్చి, నంబరూ మొహమూ ఓటీపీ మూడూ వాళ్ళకే ఇచ్చి పైకెక్కుతున్నాడు! అలవాటు. ఆలోచన రాకముందే నోట్లోంచి వచ్చేస్తుంది.

ఫణీంద్ర ఈ కంపెనీ ఓనరు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ సెటిలైన మనిషి, నవ్వు మొహం, తెల్ల చొక్కా. యాప్ మొదలైన ఆదివారం చర్చికి కూడా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, పాస్టరు గారు ప్రార్థన ముగించగానే అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నాడు. సర్వరు ఫ్రీ, మెసేజులు ఫ్రీ, అంతా ఫ్రీ, దేవుడి పని కదా అన్నాడు. ముసలోళ్ళంతా మురిసిపోయారు.

"రావయ్యా రా! ఏంటి, ఫోన్ కూడా చేయకుండా వచ్చేశావ్? ఎండ ఎలా ఉందో చూశావా? మంజూషా, ఒక మజ్జిగ పంపమ్మా."

"మజ్జిగ వద్దు సర్."

"తాగి తిట్టు. తిట్టడానికే వచ్చినట్టున్నావ్, మొహం చూస్తే."

గిడియన్ ఫోన్ టేబుల్ మీద పెట్టాడు. మెసేజ్ ఫొటో. "గిది మీ కాడికెల్లే వచ్చింది గదా?"

ఫణీంద్ర కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు.

"మాదే."

దారి పొడుగునా వాడు ప్రాక్టీస్ చేసిందంతా "మాది కాదు" అంటే ఏమనాలి అనే. మాదే అంటే ఏమనాలో ఆలోచించలేదు.

"ఎందుకు పంపిండ్రు సర్?"

"నేను పంపలేదయ్యా, సిస్టమ్ పంపింది. మాకు వెరిఫికేషన్ కాంట్రాక్టు ఒకటి ఉంది. ఉద్యోగాలిచ్చే వాళ్ళు ఒక ఏజెన్సీకి ఇస్తారు, ఆ ఏజెన్సీ మాకిస్తుంది. అభ్యర్థి తన గురించి ఏం చెప్పుకున్నాడు, బయట అతని గురించి ఏం దొరుకుతోంది, రెండూ కలుస్తున్నాయా లేదా, అంతే. కలవకపోతే ఒక మెసేజ్ వెళ్తుంది. మర్యాదగానే అడుగుతాం కదా, అవునా కాదా అని."

"మా అక్క ఏం చెప్పలే. బ్లాక్ చేసింది."

"చూశాను."

"మరి?"

"బ్లాక్ చేస్తే అవును అని తీసుకుంటాం."

బయట ఫ్లైఓవర్ మీద ఎవడో హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు.

"అదేంది సర్? గదెట్ల అవునైతది?"

"ఏ సంబంధం లేని మనిషి అనుకో, ఎవర్రా నువ్వు అని తిడతాడు. లేకపోతే కాదు అని కొట్టి పడుకుంటాడు. భయపడిన వాడే బ్లాక్ చేస్తాడు. ఇది నేను కనిపెట్టింది కాదు, లక్షల మెసేజుల మీద తేలింది." ఫణీంద్ర గొంతులో గొప్ప లేదు, కోపం లేదు. వాతావరణం సంగతి చెప్తున్నట్టు చెప్పాడు. అదే భయంగా ఉంది. "నాకు మీ అక్కగారి మీద పగేం లేదయ్యా. ఆవిడెవరో కూడా నాకు తెలీదు, నిన్న ఆ ఫైల్లో నీ ఇంటిపేరు చూసే వరకూ."

గిడియన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇక్కడ వాడికి గట్టి నమ్మకం ఒకటి ఉంది, దాన్ని పట్టుకునే ఇంత దూరం వచ్చాడు.

"సర్, యాప్ నేనే చేసిన. దాంట్ల ఏమున్నదో నాకు తెల్సు. చర్చి పేరు, ఫోన్ నంబరు, గంతే. సర్టిఫికెట్ పేరు నేను ఒక్క తావున కూడా అడగలే. కావాలనే అడగలే! మా వాళ్ళ సంగతి నాకు తెల్వదా? ఉదయలక్ష్మి అన్న మాటే నా యాప్ల లేదు. మీకెట్ల దొరికింది?"

"నువ్వు పెట్టలేదు" అని ఒప్పుకున్నాడు ఫణీంద్ర. "నువ్వు మైకు పెట్టావ్."

మజ్జిగ వచ్చింది. మంజూష గ్లాసు పెట్టి వెళ్ళిపోయే దాకా ఆగాడు. తర్వాత కంప్యూటర్ గిడియన్ వైపు తిప్పి ఒక చోట నొక్కాడు.

ముందు ఫ్యాను చప్పుడు. పాత ఫ్యాను, టకటక టకటక. గిడియన్‌కి ఆ ఫ్యాను తెలుసు.

"ప్రేమగల పరలోకపు తండ్రీ... నీ పాదాల కాడికొచ్చిన నాయనా. నాకు టైపు రాదు తండ్రీ, నోటితోనే చెప్పుకుంటున్న. నా బిడ్డ ఫెయితును నీ చేతులల్ల పెడుతున్న. నీకు తెల్వనిది కాదు, కాయితాలల్ల ఉదయలక్ష్మి అని ఉన్నది, మా అత్తమ్మ పెట్టిన పేరు. ఎస్సీ సర్టిఫికెట్ మీదనే నర్సు నౌకరి వచ్చింది నాయనా. నువ్విచ్చిన బాప్తిస్మాన్ని దాచిపెడుతున్నం..."

కుక్కరు కూత వేసింది. ఆ కూత అయిపోయే వరకూ ఆవిడ ఆగింది. దేవుడికి వినపడదేమో అని.

"...దాచిపెడుతున్నం ప్రభువా. మమ్మల్ని కోప్పడకు. బిడ్డ తప్పు కాదు, తప్పంత నాదే, నన్నే అడుగు. ఆ ఆఫీసరు కండ్లకు గా పేరు కనబడకుండ చెయ్యి తండ్రీ. ఏసయ్య నామమున అడిగి వేడుకుంటున్నం, ఆమెన్."

అయిపోలేదు. ఫ్యాను చప్పుడు ఇంకా వస్తోంది. తర్వాత, "గిడ్డూ! ఇది ఆపుడెట్లరా?" దూరం నుంచి ఒక మగ గొంతు, నవ్వుతూ: "ఎర్ర బటన్ నొక్కు మమ్మీ. ఆల్రెడీ డైరెక్ట్‌గ దేవునికే పోయింది!"

అది గిడియన్ గొంతే.

ఫణీంద్ర ఆపేశాడు.

వాళ్ళ చర్చిలో ప్రార్థన అంటే ఊరికే దేవా కాపాడు అంటే సరిపోదు. పాస్టరు గారు ప్రతి ఆదివారం చెప్తారు, దేవునికి వివరంగా చెప్పుకోవాలి, పేరు పెట్టి చెప్పుకోవాలి, ఏ హాస్పిటలు, ఏ వార్డు, ఏ జబ్బు, ఎవరితో గొడవ. మీరెంత వివరంగా అడిగితే జవాబు అంత వివరంగా వస్తుంది అంటారు. అందుకే వీళ్ళ ప్రార్థనల్లో అన్నీ ఉంటాయి. టైపు రాని ముసలోళ్ళ కోసం గిడియన్ మైకు బటన్ పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. దండ కూడా వేశారు.

మంగవ్వ గుర్తొచ్చింది వాడికి. చర్చి ఊడ్చే మంగవ్వ. కొడుకుని ఎర్రగడ్డ హాస్పిటల్లో చేర్పించి, వాడి మనసు బాగు చెయ్యమని మైకులో ఏడ్చి ప్రార్థన చేసుకుంది. ఆ మర్నాటి నుంచి ఆవిడకి ఫోన్లే ఫోన్లు. తాగుడు మాన్పించే సెంటర్ల వాళ్ళు, పిచ్చి కుదిరే మందుల వాళ్ళు. తర్వాత ఇంటి ఓనరు, మీ అబ్బాయికి ఏదో ఉందట కదా, ఖాళీ చెయ్యండి అని. "దేవునికి చెప్తే వీళ్ళకెట్ల తెల్సింది బిడ్డా?" అని అడిగింది గిడియన్‌ని. వాడు ఫోన్ లోంచి తల కూడా ఎత్తలేదు. "ఊకే స్పామ్ కాల్స్ మంగవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

"తీసేయండి సర్" అన్నాడు ఇప్పుడు. "గది మా మమ్మీ ప్రార్థన. తీసేయండి. చట్టం ఉన్నది సర్, డేటా చట్టం. మా పర్మిషన్ వాపస్ తీస్కుంటే మీరు తుడిచెయ్యాలె."

"ఉంది. మంచి చట్టం. నేను మొత్తం చదివాను." ఫణీంద్ర నిజంగానే మెచ్చుకున్నట్టు తలూపాడు. "అందులో గవర్నమెంటు పనికి సడలింపులున్నాయి, అదీ చదివాను. సరే, నాది తప్పే అనుకో. కంప్లయింట్ పెట్టు. అందులో ఏం రాస్తావ్?"

గిడియన్ టేబుల్ మీద ఫోన్ తన వైపుకి లాక్కున్నాడు.

"ఎవరి సమాచారం అని అడుగుతారు. మా అక్కది అని రాయాలి. ఏం సమాచారం అని అడుగుతారు. ఎందుకు నష్టం అని అడుగుతారు. రాస్తావా? నీ చేత్తో రాసి, సంతకం పెట్టి, గవర్నమెంటుకే ఇస్తావా?"

గిడియన్ ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

"కూర్చో. లేచావెందుకు, కూర్చో." ఫణీంద్ర గ్లాసు వాడి వైపు జరిపాడు. "తమ్ముడిలాంటి వాడివి కాబట్టి చెప్తున్నాను. మీ అక్కగారి ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. లంచ్ తర్వాత వెళ్తుంది, ఇవాళ్టి బ్యాచ్‌తో. నేను హోల్డ్ పెట్టొచ్చు. డేటా సరిగ్గా లేదు, మళ్ళీ చూడాలి అని ఒక్క బటన్. ఆవిడ వెరిఫికేషన్ అయిపోతుంది, ఆర్డరు చేతికొస్తుంది, తర్వాత ఎవడూ తవ్వడు."

"మరి... పెట్టండి సర్."

"పెడతాను. నాకొక సాయం చెయ్యాలి నువ్వు."

ఆదివారం పాస్టర్ల పెద్ద సమావేశం ఉంది. సిటీలో ఉన్న చర్చిలన్నీ వస్తాయి, జిల్లాల వాళ్ళు కూడా. గిడియన్ స్టేజి ఎక్కాలి. యాప్ గురించి చెప్పాలి. మా చర్చిలో ఎంత ఆశీర్వాదంగా ఉందో, ముసలమ్మలు కూడా ఎంత సులువుగా ప్రార్థన చేసుకుంటున్నారో చెప్పాలి, అంతే.

"నేను చెప్తే వ్యాపారం అంటారు. నువ్వు చెప్తే సాక్ష్యం అంటారు కదా మీవాళ్ళు" అన్నాడు ఫణీంద్ర. "అబద్ధం ఒక్క ముక్క కూడా చెప్పక్కర్లేదు. నిజంగా సులువే కదా?"

గిడియన్ కంప్యూటర్ వైపు చూశాడు. తల్లి గొంతు అక్కడ ఆకుపచ్చ గీతల్లాగా ఆగిపోయి ఉంది, కుక్కరు కూత దగ్గర గీత బాగా ఎత్తుగా లేచింది. ఇలాంటివి ఇంకా ఎన్ని వస్తాయో వాడికి తెలుసు. ఏ ఇంట్లో టీబీ మందులు వాడుతున్నారు. ఏ అమ్మాయి కడుపు తీయించుకుంది. ఎవరి భర్త కొడుతున్నాడు. ఎవరికి రెండు పేర్లున్నాయి. ఎంతమంది మంగవ్వలు. అందరూ ఫ్యాను కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, వివరంగా, పేరు పెట్టి మరీ చెప్పుకుంటారు. వాడు స్టేజి మీద నిలబడి, ఎర్ర బటన్ ఎక్కడుందో చూపిస్తాడు.

ఫెయిత్ వంకర బొట్టు కళ్ళ ముందు కనపడింది. గోడలాగా కదలకుండా నిలబడ్డ వీపు.

"ఏమంటావ్?" అన్నాడు ఫణీంద్ర. "లంచ్ టైమ్ అయిపోతోంది."

"సరే సర్."

ఎంత మెల్లగా అన్నాడంటే, మళ్ళీ అనమని అడుగుతాడేమో అనుకున్నాడు. అడగలేదు. ఫణీంద్ర కంప్యూటర్ తన వైపుకి తిప్పుకుని ఏదో నొక్కి, మళ్ళీ చూపించాడు. ఉదయలక్ష్మి అన్న పేరు పక్కన పసుపు రంగు గుర్తు. "హోల్డ్. చూసుకో. సరేనా? ఆ మజ్జిగ తాగి వెళ్ళవయ్యా, ఎండలో పడతావ్."

తాగాడు. ఎందుకు తాగాడో తెలీదు. మొత్తం తాగాడు.

కిందికొచ్చాక పంజాగుట్ట ఎప్పటిలాగే ఉంది. సిగ్నల్ దగ్గర బస్సులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నట్టు నిలబడ్డాయి. మెట్రో మెట్ల కింద ఒకావిడ జామకాయలు కోసి ఉప్పు కారం చల్లుతోంది. గిడియన్ అక్కకి ఫోన్ చేశాడు. స్విచాఫ్. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు తీసుకుంటారు కదా, అదే అయ్యుంటుంది. పర్లేదు. హోల్డ్ పెట్టాడు. పసుపు రంగు తను కళ్ళారా చూశాడు. ఆదివారం సంగతి ఆదివారం చూద్దాం, జ్వరం అంటాను, మంచం ఎక్కుతాను, ఏదో ఒకటి. ముందు అక్క నౌకరి.

ఒక మెట్టు ఎక్కాడో లేదో జేబులో ఫోన్ గణగణమంది. చర్చి గంట చప్పుడు. యాప్ చప్పుడు. తనే ఏరికోరి పెట్టిన చప్పుడు. యాప్ నడిపేది తనే కాబట్టి ప్రతి ప్రార్థనకీ మోగుతుంది, తెరిచి వినడు ఎప్పుడూ.

*కొత్త ప్రార్థన. సుమిత్ర. వాయిస్.*

"వద్దు మమ్మీ" అన్నాడు పైకే. జామకాయల ఆవిడ తలెత్తి చూసింది.

చెవికి ఆనించుకున్నాడు. గుసగుస. గాలి కంటే మెల్లగా ఉంది.

"తండ్రీ... మెల్లగ చెప్తున్న, ఇక్కడ మాట్లాడొద్దంట. బిడ్డను లోపలికి పిలిచిండ్రు నాయనా. తలుపు తెరిచే ఉన్నది, నాకు కనబడుతున్నది. ఉదయలక్ష్మి అనే పిలిచిండ్రు. కాయితాలు చూసిండ్రు. మేడమ్ నవ్వింది సుత. నీకు స్తోత్రం తండ్రీ, అంత మంచిగనే అయితున్నది అనుకున్న..."

ఊపిరి తీసుకున్న చప్పుడు.

"...ఎన్కకెల్లి ఒకాయన వచ్చిండు. ఫోను చూస్కుంట వచ్చిండు. ఫోన్ల ఏమున్నదో ప్రభువా, దాన్నే చూస్తుండు, నా బిడ్డ ఎన్క నిలబడ్డడు. ఫెయిత్ అన్నడు."

గిడియన్ వెనక్కి తిరిగి చీరల షాపు వైపు చూశాడు. ఫోను చూసుకుంటూ వచ్చాడట. ఫణీంద్ర హోల్డ్ పెట్టాడు కదా. పసుపు రంగు. చూపించాడు కదా. చూపించాడు... అంతకుముందే పంపేశాడా? పొద్దున్నే వెళ్ళిపోయిందా? ఎప్పుడో వెళ్ళిపోయిన ఫైలుకి నాతో సరే అనిపించుకున్నాడా?

"మెల్లగనే అన్నడు తండ్రీ. మా ఇంట్ల పిలిచినట్టే అన్నడు. నా బిడ్డ తిరగలే. నీ మీద ఒట్టు, తిరగలే. గోడ లెక్క కూసున్నది. ఇంకోసారి అన్నడు. అయినా తిరగలే నా బంగారు తల్లి..."

ఇక్కడ సుమిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టుంది.

"నేనే పలికిన నాయనా. నా బిడ్డ పేరు పిలుస్తున్నరు కదా అని, నోట్లెకెల్లి అదే వచ్చేసింది. ఏంది సార్ అన్న. నేనే అన్న. గది మొత్తం నా దిక్కు తిరిగింది. బిడ్డ సుత తిరిగింది, ఇప్పుడు తిరిగింది, నన్ను ఎట్ల చూస్తున్నదో చూడు తండ్రీ... ఆయన బయటికే వస్తుండు. నా చేతిల ఫోన్ దిక్కే చూస్తుండు. ప్రభువా, ఇది ఆపుడెట్ల..."

అంతే. ఆగిపోయింది.

ఫోన్ తెర మీద ఆకుపచ్చ గీతలు. ఇదే క్షణంలో పైన, చీరల షాపు పైన, ఇంకో తెర మీద కూడా ఇవే గీతలు. కింద చిన్న అక్షరాలు, గిడియన్ తన చేత్తో రాసినవి, ప్రతి ప్రార్థన తర్వాత అందరికీ కనపడేవి:

*మీ ప్రార్థన చేరింది.*